రోహిణి కార్తెలో రెడ్ వైన్

*వేసవి విందుల్లో రెడ్ వైన్ గ్లాసులు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. ‘రెడ్ వైన్‌ను చల్లబరచకూడదు’ అన్న మాట కూడా వాటి వెంటే తిరుగుతోంది. నలభై డిగ్రీల ఎండలో ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది?*

మద్రాసు సముద్రతీరం. 1840ల నాటి ఒక వేసవి ఉదయం. ఓడలు ఒడ్డుకు ఆనుకోవడానికి అక్కడ రేవు లేదు. అలలకు అవతల లంగరు వేసిన ఓడ దగ్గరికి మసూలా పడవలు వెళ్లి వస్తున్నాయి. ఒక్క మేకు కూడా లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టి చేసిన పడవలవి. ఈ ఉదయం అవి మోసుకొస్తున్నది రంపపు పొట్టులో పొదిగిన మంచు దిమ్మెలు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల నుంచి కోసి, ఓడకెత్తి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటించి తెచ్చిన మంచు. కారే నీళ్లు వీపుల మీదుగా జారుతుంటే కూలీలు ఆ దిమ్మెలను తీరాన ఉన్న గుండ్రటి భవనంలోకి పరుగున చేరవేస్తున్నారు. ఆలస్యమయ్యే కొద్దీ సరుకు కరిగి ఇసుకలో కలిసిపోతుంది.

సాయంత్రానికి ఆ మంచులో కొంత దొరల బంగళాలకు చేరుతుంది. తాగే నీళ్లకు కొంత, బీరుకు కొంత, క్లారెట్ సీసాలకు కొంత. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్‌ను ఇంగ్లీషువాళ్లు క్లారెట్ అంటారు. మద్రాసు ఉక్కలో దాన్ని వెచ్చగా తాగాలని వాళ్లకు తోచలేదు.

ఇక మే నెలలో హైదరాబాద్ చూడండి. పెద్ద రెస్టారెంట్ మిద్దె మీద ఒక కుటుంబం. తండ్రికి అరవయ్యేళ్లు నిండాయని అమెరికా నుంచి వచ్చిన కూతురు విందు ఇస్తోంది. బార్ వెనక లైట్ల వెలుగులో అందంగా పేర్చిన అర నుంచి రెడ్ వైన్ సీసా దిగింది. వెయిటర్ పద్ధతిగా మూత తీసి పోశాడు. పొద్దు గూకినా గాలిలో ఇంకా వడ ఉంది. “కొంచెం రుచి చూడండి నాన్నా” అంది కూతురు. ఆయన ఒక్క గుటక వేసి మొహం చిట్లించారు. “ఏంటమ్మా ఇది, గొంతు మండుతోంది” అని గ్లాసు పక్కకు జరిపారు. వైన్ అంటే ఇంతే కాబోలని అనుకున్నారు. ఆ సీసాను ఓ పావుగంట మంచునీళ్లలో ఉంచి పోసి ఉంటే, అదే వైన్ ఆయనకు మరోలా తగిలేది.

ఇలాంటి బల్లలు మన నగరాల్లో ఎన్నో. ఓడల మీద మంచు తెప్పించుకోవలసిన కాలంలో చల్లబరిచి తాగిన వైన్‌ను, వంటింట్లో ఫ్రిజ్ ఉన్న కాలంలో వెచ్చగా తాగుతున్నాం. అదే సరైన పద్ధతి అనుకుని మరీ తాగుతున్నాం. ఈ మధ్య ప్రపంచమంతటా రెస్టారెంట్లు చల్లటి రెడ్ వైన్లను మెనూలో ప్రత్యేకంగా చూపిస్తుండటంతో మన దగ్గర కూడా ఈ చర్చ మొదలైంది. మొదలవ్వడమే మంచిది.

ఆ గది మనది కాదు

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో వడ్డించాలన్న నియమం అబద్ధమేమీ కాదు. అది పుట్టిన గదిని చూడాలి. ఫ్రాన్సులో, ఇంగ్లండులో పాతకాలపు రాతి ఇళ్లు. నేలమాళిగలో వైన్ 10 నుంచి 13 డిగ్రీల దగ్గర నిద్రపోతుండేది. ఇల్లంతటినీ వెచ్చగా ఉంచే ఏర్పాట్లు లేని రోజులు. కుంపటి పొయ్యి మండుతున్నా భోజనాల గది 16, 18 డిగ్రీలు దాటడం అరుదు. సీసాను కొన్ని గంటల ముందు పైకి తెచ్చి ఆ గదిలో ఉంచితే నేలమాళిగ చలి వదిలి వైన్ వాసన విచ్చుకునేది. నియమంలో ఉన్నదంతా ఇదే: అతి చల్లగా ఉన్న వైన్‌ను కాస్త తేరుకోనివ్వండి.

మన గదులు వేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకున్న నేల ఇది. రెంటచింతల, రామగుండం పేర్లు వేసవిలో రోజూ వార్తల్లో వినిపిస్తాయి. ఏసీ వేసుకున్నాం కదా అనుకున్నా లెక్క కుదరదు. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలన్నీ మొదట ఆన్ చేసినప్పుడు 24 డిగ్రీల దగ్గర ఉండాలని నిబంధన పెట్టారు. ఒంటికి 24 హాయే. కానీ అత్యంత గాఢమైన రెడ్ వైన్‌కు చెప్పే పై హద్దు 18. అంటే మనం చల్లగా ఉందనుకునే గది కూడా వైన్‌కు ఆరు డిగ్రీలు ఎక్కువే. ఇక ఏసీ లేని వరండా, మిద్దె, పెళ్లి షామియానా సంగతి చెప్పనక్కర్లేదు.

నియమాన్ని తెచ్చుకున్నాం, దాని వెనక ఉన్న వాతావరణాన్ని తెచ్చుకోలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

సురేకారం నుంచి ఐస్ హౌస్ దాకా

చల్లబరచడం ఈ దేశానికి ఇంగ్లీషువాళ్లు నేర్పిన విద్య కాదు. అక్బర్ కొలువులో తాగునీటి ఏర్పాట్లు చూసే విభాగం ఒకటి ఉండేది. అబుల్ ఫజల్ రాసిన ‘ఐన్-ఇ-అక్బరీ’లో ఆ పద్ధతి వివరంగా ఉంది. నీళ్లున్న లోహపు కూజా మూతి బిగించి, సురేకారం కలిపిన నీళ్ల తొట్టిలో పావుగంటసేపు తిప్పుతారు. సురేకారం కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. కూజాలో నీరు చల్లబడుతుంది. తుపాకిమందు తయారీలో వాడే పదార్థాన్నే దాహం తీర్చడానికీ వాడుకున్నారు. కొలువు లాహోరులో ఉన్నప్పుడు హిమాలయ కొండల నుంచి మంచు కూడా వచ్చేది.

ఈ విద్య తెలిసిన పనివాణ్ని ఆబ్దార్ అనేవారు. కంపెనీ కాలంలో బాగా కలిగిన దొరల ఇళ్లలో ఆబ్దార్ ఉండి తీరాల్సిందే. నీళ్లతోపాటు వైన్ సీసాలు చల్లబరచడం కూడా అతని పనే. సురేకారం ఎంత వేయాలి, ఎంతసేపు తిప్పాలి అన్నది అతని చేతికి తెలుసు. ఆ పనివాళ్ల పేర్లు చరిత్రలో మిగల్లేదు. వేడి దేశంలో వైన్ ఎలా వడ్డించాలో తెలిసిన మన తొలి నిపుణులు వాళ్లేనని నా అభిప్రాయం.

ఆబ్దార్ సురేకారానికి పోటీగా వచ్చింది అమెరికా మంచు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో ‘టస్కనీ’ అనే ఓడలో సుమారు 180 టన్నుల మంచు ఎక్కించి కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం తర్వాత సెప్టెంబరులో ఓడ చేరేసరికి 100 టన్నుల దాకా మిగిలింది. ఊరు ఊరంతా చూడటానికి ఎగబడింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు మూడుచోట్లా మంచు నిల్వకు భవనాలు లేచాయి. మద్రాసులో 1842లో కట్టిన భవనం ఇప్పటికీ ఉంది. యంత్రాలతో ఐస్ చేయడం వచ్చాక ఆ వ్యాపారం కరిగిపోయింది, భవనం చేతులు మారింది. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద అక్కడే బస చేశారు. మెరీనాకు వెళ్లే తెలుగువాళ్లు చాలామంది చూసే వివేకానందర్ ఇల్లం అదే. ఆ ప్రాంతాన్ని ఐస్ హౌస్ అని పిలవడం ఈనాటికీ పోలేదు.

నాలుక మీద జరిగేది

ఒకే సీసా వైన్‌ను మూడు గ్లాసుల్లో పోసి, ఒకటి ఫ్రిజ్ చలితో, ఒకటి 16 డిగ్రీల దగ్గర, ఒకటి మన వేసవి గది వేడితో రుచి చూడండి. మూడూ మూడు వైన్లని ప్రమాణం చేస్తారు.

వేడెక్కిన వైన్ నుంచి ముందుగా ముక్కుకు తగిలేది ఆల్కహాల్. ఆ ఘాటు కింద పండు వాసన, మసాలా వాసన, పీపాలో ఊరిన చెక్క వాసన అన్నీ అణిగిపోతాయి. పులుపు చప్పబడుతుంది. తీపి ముందుకొస్తుంది. మొత్తం మీద బరువుగా, మందంగా, గొంతులో మంటగా అనిపిస్తుంది. మరీ చల్లబడితే అటు ఇంకో చిక్కు. వాసనలు ముడుచుకుపోతాయి. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు నాలుకను పట్టేస్తుంది. వైట్ వైన్‌లో ఆ వగరు దాదాపు ఉండదు కాబట్టి దాన్ని బాగా చల్లగా తాగవచ్చు. రెడ్‌కు మధ్య దారి కావాలి.

ఈ మధ్య దారి మన ఇళ్లకు కొత్తది కాదు. ఎండన పడి వచ్చిన మామిడిపండ్లను అమ్మమ్మలు వెంటనే కోయనివ్వరు. బకెట్ నీళ్లలో వేసి ఓ గంట ఆగమంటారు. వెచ్చటి పండు రుచించదు, ఫ్రిజ్‌లోంచి తీసిన పండుకు వాసన ఉండదు. నీళ్లలో నానిన పండులో రెండూ దక్కుతాయి. రెడ్ వైన్‌కు కావలసింది సరిగ్గా ఆ నీళ్ల బకెట్ చల్లదనమే.

మన భోజనం దగ్గరికి వస్తే ఈ సంగతి ఇంకా ముఖ్యం. మిరపకాయ ఘాటును, మామూలు వేడిని మన నాలుక మీద పసిగట్టే గ్రాహకం ఒక్కటే. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మామూలుగా అది 42 డిగ్రీల దరిదాపుల్లో ‘కాలుతోంది’ అని మెదడుకు చెబుతుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దాకా పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. గుంటూరు మిరప వేసిన నాటుకోడి పులుసు తింటూ, 32 డిగ్రీల వేడితో 14 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ గుటక వేస్తే నోరు ఎందుకు భగ్గుమంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. మన కూరలకు రెడ్ వైన్ నప్పదని చాలామంది తేల్చేశారు. వాళ్లలో ఎక్కువమంది వెచ్చటి వైన్‌తోనే ఆ తీర్పు ఇచ్చి ఉంటారు. గోంగూర మాంసం పులుపుకు, వేయించిన కోడి వేపుడుకు 14 డిగ్రీల దగ్గర తేలికపాటి రెడ్ ఒకటి పెట్టుకుని చూస్తే తీర్పు మారుతుంది. వగరు, ఆల్కహాల్ రెండూ ఎక్కువున్న గాఢమైన రెడ్‌లు మాత్రం మన కారానికి దూరంగా ఉండటమే మేలు, అవి ఎంత చల్లగా ఉన్నా సరే.

■ ఏది ఎంత చల్లగా?

నురుగు వచ్చే రెడ్‌లు (లాంబ్రుస్కో లాంటివి): 10–12 డిగ్రీలు

తేలికపాటి రెడ్‌లు (గమే, పినో న్వార్): 12–14

మధ్యరకం (సాంజొవేసే, టెంప్రానిల్లో, మెర్లో): 14–16

గాఢమైనవి (కాబెర్నే సావిన్యోన్, షిరాజ్): 16–18

మన వేసవిలో పోసిన నిమిషం నుంచే గ్లాసు వేడెక్కడం మొదలవుతుంది. కాబట్టి పైన చెప్పినదానికి రెండు డిగ్రీలు తక్కువలో పోయడం తెలివైన పని.

పొలంలో పడిన పాట్లు

వెచ్చటి గ్లాసు చూసినప్పుడు నాకు బాధ కలిగించేది తాగేవాడి ముఖం కంటే, దాన్ని పండించినవాళ్ల శ్రమ. మన దేశంలో వైన్ ద్రాక్ష పండించడమంటే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వేడితో పెనుగులాటే.

నాసిక్ సంగతే తీసుకోండి. సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు. యూరప్‌లో ద్రాక్ష ఎండాకాలం పండి ఆగస్టు–అక్టోబరు మధ్య కోతకు వస్తుంది. ఇక్కడ అలా వదిలేస్తే వానలకు కుళ్లిపోతుంది. అందుకే తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కోత అయ్యాక వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక సెప్టెంబరు–అక్టోబరులో ఇంకోసారి. పండే రుతువును అలా చలికాలానికి జరిపి జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. అప్పుడు కూడా పొద్దెక్కక ముందే కోత ముగించాలని తాపత్రయం. తెల్లవారుజామున చలిలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, మగవాళ్లు కత్తెరలు పట్టుకుని వరుసల్లో దిగుతారు. గుత్తులు చల్లగా ఉండగానే క్రేట్లు వైనరీకి చేరాలి. అక్కడ పులియబెట్టే ఉక్కు ట్యాంకుల చుట్టూ చల్లటి ద్రవం తిరిగే గొట్టాలు. పీపాల గదికి రాత్రీ పగలూ ఏసీ. కరెంటు పోతే జనరేటరు.

ఇంత పెట్టుబడికి తొలినాళ్లలో దిగినవాళ్లు ధైర్యవంతులే. 1980ల్లో నారాయణ్‌గావ్‌లో శ్యాం చౌగులే. బెంగళూరు దగ్గర నందికొండల పాదాల్లో కన్వల్ గ్రోవర్. ఆయనకు 1990ల నడుమ నుంచి బోర్డో నిపుణుడు మిషెల్ రోలాఁ సలహాదారుగా పనిచేశారు. అమెరికాలో ఉద్యోగం వదిలి నాసిక్‌కు తిరిగొచ్చిన రాజీవ్ సామంత్ సులా వైన్స్ పెట్టి 2000లో తొలి సీసాలు బజారుకు తెచ్చారు. మనవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన గ్రాన్యూల్స్ ఇండియా వ్యవస్థాపకులు కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఆయన భార్య ఉమ హంపి కొండల దగ్గర తోట వేసి కాబెర్నే సావిన్యోన్, సాంజొవేసే లాంటి రకాలు పండిస్తున్నారు. ఇద్దరి పేర్లూ కలిపి ఆ వైన్‌కు కృస్మా అని పెట్టుకున్నారు. హంపి బండల మధ్య ఎండ ఎలా ఉంటుందో ఒకసారి వెళ్లినవాళ్లకు గుర్తుంటుంది. అక్కడ రెడ్ వైన్ ద్రాక్ష పండించి నిలబెట్టడం చిన్న సంగతి కాదు.

తీగ దగ్గర, కోత దగ్గర, ట్యాంకు దగ్గర, పీపా దగ్గర ఇంత జాగ్రత్తగా కాపాడిన చల్లదనం మన బల్ల మీద, చివరి పావుగంటలో పోతోంది. ఇది నాకు మింగుడుపడదు.

దారిలోనే ఉడికిపోతే

వడ్డన కంటే ముందు ఇంకో గండం ఉంది. నాసిక్ నుంచి హైదరాబాద్ దాదాపు 700 కిలోమీటర్లు. లారీలో, గోదాములో, దుకాణంలో ఎక్కడ చల్లదనం లేకపోయినా వైన్ దెబ్బతింటుంది. దాన్ని దాచడానికి అనువైనది 12–14 డిగ్రీలు. 25 దాటితే తొందరగా ముసలిదవుతుంది. 30 పైన వారాల తరబడి ఉంటే ఉడికిన వాసన వస్తుంది. కారు డిక్కీ అన్నిటికంటే ప్రమాదం. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటిపోతుంది. ఊరికి తీసుకెళ్దామని కొన్న సీసా ఊరు చేరకముందే పాడవుతుంది.

వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది. మూతి రేకు ఉబ్బినా, మెడ చుట్టూ జిగురు చార కనిపించినా ఆ సీసా కొనకండి. తెరిచాక రంగు ఇటుక ఎరుపుకో గోధుమ రంగుకో తిరిగి, తాజా పండుకు బదులు ఎండుద్రాక్ష, ఉడకబెట్టిన జామ్ వాసన వస్తే అది వేడి తిన్నదే. లేత వైన్‌లో ఇలా కనిపించకూడదు. ఒకసారి ఉడికిన వైన్‌ను ఎంత చల్లబరిచినా మునుపటి రుచి రాదు.

ఇంట్లో దాచుకునేవాళ్లు ఫ్రిజ్ మీదా, పొయ్యి పక్క అల్మారాలో, కిటికీ దగ్గరా పెట్టకండి. మన ఇళ్లలో వేసవికి భద్రమైన చోటు ఫ్రిజ్ లోపలే, కూరగాయల అరలో. నెలల తరబడి దాచాల్సిన ఖరీదైన సీసాలుంటే చిన్న వైన్ ఫ్రిజ్ కొనుక్కోవాలి. లేదంటే కొనగానే తాగేయడం ఉత్తమం. మన దుకాణాల్లో దొరికే రెడ్ వైన్లలో ఎక్కువ భాగం దాచుకోవడానికి చేసినవి కావు.

వేడి దేశాల పద్ధతులు

స్పెయిన్ దక్షిణాన ఆండలూసియా. సెవిల్, కోర్డోబా నగరాల్లో వేసవిలో 40 డిగ్రీలు మామూలే. అక్కడి జనం ఎండాకాలం రెడ్ వైన్‌లో తీపి నిమ్మ సోడా, ఐస్ కలిపి ‘టింటో దె వెరానో’ అని తాగుతారు. వైన్ పండించే దేశమే అలా తాగుతుంటే మనకు సంకోచం దేనికి? ఇటలీలో మోడెనా చుట్టుపక్కల నురుగు రెడ్ లాంబ్రుస్కోను చల్లగానే వడ్డిస్తారు. చలి దేశమైన ఫ్రాన్సులో కూడా బోజొలే రెడ్‌ను నేలమాళిగ చల్లదనంతో తాగడం పాత అలవాటు.

ఆస్ట్రేలియాలో క్రిస్మస్ నడి వేసవిలో వస్తుంది. పండుగ భోజనంలో నురుగొచ్చే షిరాజ్‌ను చల్లగా పోసుకోవడం అక్కడ ఆచారం. మెల్‌బోర్న్, సిడ్నీల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది తెలిసిన దృశ్యమే. ఇక హాంకాంగ్ 2008లో వైన్ మీద సుంకం ఎత్తేసింది. వేడి, తేమ రెండూ ఉన్న ఊరు కాబట్టి వైన్ గోదాములకు ఉష్ణోగ్రత, తేమ ప్రమాణాలు పెట్టి ధ్రువపత్రాలు ఇచ్చే పద్ధతి కూడా మొదలుపెట్టారు. కొనేవాడికి భరోసా అక్కడ పుట్టింది. మన నగరాల్లో వైన్ దిగుమతిదారులు, హోటళ్ల సంఘాలు పూనుకుంటే ఇలాంటిది ఇక్కడా సాధ్యమే.

■ ఇంట్లో ఇలా

వేసవి గదిలో 32 డిగ్రీలున్న సీసా 16, 17కు దిగాలంటే మామూలు ఫ్రిజ్‌లో గంటన్నర నుంచి రెండు గంటలు. సగం ఐస్, సగం నీళ్లు పోసిన బకెట్‌లో అయితే పది పదిహేను నిమిషాలు. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా చురుగ్గా వేడిని లాగుతుంది. అందుకే ఒట్టి ఐస్ ముక్కలు చాలవు, నీళ్లు తప్పనిసరి. నీళ్లు సీసా మెడ దాకా రావాలి. గుప్పెడు ఉప్పు వేస్తే ఇంకా తొందరగా అవుతుంది.

ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టిన సీసా అయితే బయటికి తీసి 20–30 నిమిషాలు ఆగాలి. మన వేడిలో ఆ కాస్త సమయం చాలు.

డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే వైన్ గడ్డకట్టి బిరడా ఊడుతుంది, ఒక్కోసారి సీసా పగులుతుంది. తప్పనప్పుడు ఫోనులో అలారం పెట్టుకుని అరగంటలో తీసేయండి.

గ్లాసులో మూడో వంతుకు మించి పోయకండి. కాడ పట్టుకోండి. అరచేతి వేడి కూడా వైన్‌కు ఎక్కువే.

తెలంగాణ పొడి ఎండలో సీసాకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను కింద ఉంచినా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. కూజా నీళ్లు చల్లబడే సూత్రమే అది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తేమ ఊళ్లలో ఈ ఉపాయం అంతగా పారదు.

గంటల తరబడి జగ్గులో పోసి గాలి తగలనివ్వడం మన వేసవిలో నష్టమే. అవసరమనిపిస్తే ఆ జగ్గును చల్లటి నీళ్ల గిన్నెలో ఉంచండి.

అడగడానికి మొహమాటం

ఇంత చిన్న పని ఎందుకు జరగడం లేదు? మొహమాటం వల్ల. ఇది నేను చాలా బల్లల దగ్గర గమనించాను. మజ్జిగ వెచ్చగా ఉంటే తిప్పి పంపేవాళ్లం, కాఫీ చల్లారితే మళ్లీ వేడి చేయించుకునేవాళ్లం, వైన్ దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపం. దాని చుట్టూ అల్లుకున్న మర్యాదలు, ఫ్రెంచి పేర్లు, సాగదీసిన కాడల గ్లాసులు మనిషిని భయపెడతాయి. ‘రెడ్‌కు ఐస్ అడిగితే నవ్వుతారేమో’ అని లోపల శంక. వెయిటర్ పరిస్థితీ అదే. అతనికి నేర్పినవాళ్లు ‘వైట్ చల్లగా, రెడ్ మామూలుగా’ అని ఒక్క ముక్కలో నేర్పారు. ఆ మామూలు ఎన్ని డిగ్రీలో చెప్పలేదు. చిన్న ఊరి నుంచి వచ్చి హోటల్‌లో చేరిన కుర్రాడు తన ఉద్యోగం కాపాడుకుంటూ చెప్పినట్టు చేస్తున్నాడు. తప్పు అతనిది కాదు.

కొత్తగా రుచి చూసేవాళ్లకే ఈ నష్టం ఎక్కువ. వెచ్చటి గుటక తర్వాత కొందరు గ్లాసు శాశ్వతంగా పక్కన పెడతారు, అందులో బాధపడాల్సింది లేదు. ఇంకొందరు కోక్ కలుపుకుంటారు. వాళ్లను చూసి నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వను. మంట తగ్గించుకోవడానికి వాళ్లకు దొరికిన దారి అది. పది నిమిషాల మంచునీళ్లు చేయాల్సిన పనిని వాళ్లు ఒక కోక్ సీసాతో చేయించుకుంటున్నారు.

■ ఒక్క మాట

ఈ కథనం తాగమని చెప్పడానికి కాదు. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా భద్రమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. రెడ్ వైన్ గుండెకు మందు అన్న నమ్మకంతో అలవాటు చేసుకోకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ల లోపువారికి మద్యం అమ్మకూడదు. గర్భిణులు, మందులు వాడేవారు, బండి నడపాల్సినవారు దూరంగా ఉండాలి. చల్లటి వైన్‌లో ఆల్కహాల్ ఘాటు తెలియదు కాబట్టి గ్లాసు తొందరగా ఖాళీ అవుతుంది. పక్కన మంచినీళ్లు పెట్టుకుని నెమ్మదిగా తాగాలి.

హోటళ్లకు, మీకు

రెస్టారెంట్ యజమానులకు నా విన్నపం చిన్నది. లైట్ల కింద అలంకారంగా పెట్టిన రెడ్ సీసాలను అక్కడి నుంచి తీయండి. ఆ లైట్ల వేడి కూడా వైన్‌కు చేటే. అలంకారానికి ఖాళీ సీసాలు పెట్టుకోండి, తాగే సీసాలను 14 డిగ్రీల చల్లదనంలో ఉంచండి. వందల్లో దొరికే చిన్న థర్మామీటరు ఒకటి కొని వెయిటర్ల చేతికివ్వండి. ఆర్డర్ తీసుకునేటప్పుడు ‘చల్లబరచమంటారా సార్, చల్లబరచమంటారా అమ్మా’ అని వాళ్లనే ముందు అడగనివ్వండి. వేలు పోసి కొన్న సీసాకు ఈ పాటి మర్యాద దక్కాలి.

పాఠకులకు చెప్పేది ఇంకా చిన్నది. రెడ్ సీసా బల్ల మీదికి రాగానే చేత్తో తాకి చూడండి. చెయ్యికి స్పష్టంగా చల్లగా తగలాలి. తగలకపోతే మూత తీయనివ్వకండి. ఐస్, నీళ్లు కలిపిన బకెట్ తెప్పించి పది పదిహేను నిమిషాలు అందులో ఉంచమనండి. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి.